మొదటి వ్యాసం తొలగించాక: తెలుగు వికీపీడియాలో ఒక కొత్త వాడుకరికి తోడున్న కేసు

తెలుగు వికీపీడియాలో కొత్తవారికి మెంటర్‌గా ఉండే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. శిబిరం పెట్టడం, ఖాతాలు తెరిపించడం, సవరించే పద్ధతి చూపించడం అందులో తేలికైన భాగం. కొత్త మనిషి రాసినదాన్ని మొదటిసారి ఎవరో తీసేసినప్పుడు అసలు పని మొదలవుతుంది. ఆ మనిషి ఉంటారా, వెళ్లిపోతారా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఒక విద్యార్థిని విషయంలో ఆ ఘట్టాన్ని మొదటి నుంచి దగ్గరగా చూశాను. ఆమె ఒప్పుకున్నాకే, పేరూ ఊరూ చెప్పకుండా ఇది రాస్తున్నాను.

చోటు రాయలసీమలో ఒక డిగ్రీ కాలేజీ, సంవత్సరం 2023. డిపార్ట్‌మెంటు వాళ్లు అడిగితే కంప్యూటర్ ల్యాబ్‌లో శిబిరం పెట్టాం. ఇలాంటి శిబిరం పెట్టాలనుకునేవారు ముందే తెలుసుకోవలసింది ఒకటుంది. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు కొత్త ఖాతాలే తెరవనిస్తారు. దొంగ ఖాతాలను ఆపడానికి పెట్టిన హద్దు అది. ల్యాబ్‌లో ఏడో విద్యార్థి దగ్గర పని ఆగిపోతుంది, గది నిండా గోల మొదలవుతుంది. ముందుగా మినహాయింపు కోరవచ్చు. లేదంటే పిల్లలను ఇంటి దగ్గర ఫోన్లో ఖాతా తెరుచుకుని రమ్మనవచ్చు. మేము రెండో దారి పట్టాం. తెలుగు టైపింగ్ కూడా వాళ్లకు ఫోన్లోనే బాగా వచ్చు. ల్యాబ్ కంప్యూటర్లలో కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే వికీపీడియాలోనే తెలుగు వస్తుందని చూపించాం, కానీ సగం మంది మళ్లీ ఫోన్లే తీశారు. కొందరు వాయిస్ టైపింగ్ వాడారు. దానితో వచ్చే తప్పులు ఒక్కోసారి అర్థాన్నే మార్చేస్తాయి కాబట్టి రాసినదాన్ని పైకి చదివి చూసుకోమని చెప్పాల్సి వచ్చింది.

మన విద్యార్థిని ఆ రోజు పెద్దగా ఏమీ అడగలేదు. ఇంటికెళ్లాక రాత్రి కూర్చుని ఒక కొత్త వ్యాసం సృష్టించింది. విషయం వాళ్ల ఊరి తిరునాళ్లు. పాఠ్యమంతా ఒక దినపత్రిక జిల్లా పేజీలో వచ్చిన వార్త. మక్కీకి మక్కీ దించి, కింద ఆ పేపరు పేరు రాసింది. పొద్దున్నే ఒక నిర్వాహకుడు దాన్ని కాపీహక్కుల ఉల్లంఘన కింద తొలగించి, ఆమె చర్చ పేజీలో (ప్రతి వాడుకరికీ ఇతరులు సందేశాలు రాసే చోటు) ఎప్పుడూ పెట్టే మూస సందేశం పెట్టారు. అందులో తప్పేమీ లేదు. వేరేవాళ్ల పాఠ్యాన్ని ఉంచుకునే హక్కు వికీపీడియాకు లేదు.

ఆ తర్వాత ఆమె నుంచి ఒక్క దిద్దుబాటూ లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో లెక్క వేస్తే తేలిగ్గానే తెలుస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. కొత్త దిద్దుబాట్లన్నీ కనిపించే ‘ఇటీవలి మార్పులు’ పేజీని రోజూ చూసేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. ఒక పేజీని తొలగించడానికి నిమిషం చాలు. ఎందుకు తొలగించారో ఒక కొత్త మనిషికి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పడుతుంది. మనుషులు తక్కువైనచోట నిమిషం పని జరుగుతుంది, అరగంట పని వాయిదా పడుతుంది. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుకైన వాడుకరుల సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది. 2013లో వచ్చిన ఒక పరిశోధన దానికి కారణాలు వెతికింది. కొత్తగా వచ్చేవాళ్లలో మంచి ఉద్దేశంతో వచ్చేవాళ్ల పాలు తగ్గలేదు, వాళ్ల రాతలను తిప్పికొట్టడం మాత్రం పెరిగింది అని తేల్చింది. దుశ్చర్యలను ఆపడానికి కట్టుకున్న పరికరాలే మంచివాళ్లనూ బయటికి తోశాయి. మన దగ్గర అంత జోరుగా పనిచేసే పరికరాలు లేవు, కానీ మాట లేని తొలగింపు వల్ల జరిగే నష్టం ఒకటే.

చర్చ పేజీలో రాసిన మాట

తొలగింపు సంగతి నాకు అదే రోజు తెలిసింది. శిబిరానికి వచ్చినవాళ్ల వాడుకరి పేర్లు ఒక జాబితాగా పెట్టుకుని, వాళ్ల చర్చ పేజీలన్నీ నా వీక్షణ జాబితాలో చేర్చుకుంటాను. ఎవరి పేజీలో ఏ మూస పడినా నాకు కనిపిస్తుంది. మెంటర్‌కు అన్నిటికంటే అక్కరకొచ్చే పరికరం నా దృష్టిలో ఇదే. కొత్తవారికి వాళ్ల హోంపేజీలో ఒక మెంటర్ పేరు చూపించి, అక్కడి నుంచే ప్రశ్న అడగనిచ్చే ఏర్పాటు వికీపీడియాలో ఉంది. మంచి ఏర్పాటు. కానీ వ్యాసం పోగొట్టుకున్న మనిషి ప్రశ్న అడగడానికి రారు, మౌనంగా వెళ్లిపోతారు. వాళ్లు అడిగేదాకా ఆగకూడదు.

ఆమె చర్చ పేజీలో ఇలా రాశాను:

“నమస్కారం గారూ. మీ వ్యాసాన్ని కాపీహక్కుల కారణంగా తొలగించారు. మీరు చెడు ఉద్దేశంతో చేశారని ఎవరూ అనుకోవడం లేదు. పేపర్లో వచ్చిన వార్త ఆ పత్రికది. వికీపీడియాలో ఉన్న పాఠ్యాన్ని ఎవరైనా తీసుకుని పుస్తకం వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వేరొకరి రాతకు ఆ అనుమతి ఇచ్చే హక్కు మనకు లేదు. తిరునాళ్ల గురించి మీ మాటల్లో రాసి, ఆ వార్తను మూలంగా చూపిస్తే సరిపోతుంది. తొందరేమీ లేదు, మీ ప్రయోగశాల పేజీలో, అంటే చిత్తుగా రాసుకునే మీ సొంత పేజీలో, మొదలుపెట్టండి. ఈలోగా మీ ఊరి పేజీ ఒకసారి చూస్తారా? జిల్లా కేంద్రం ఇంకా కడప అనే ఉంది.”

రెండో రోజు జవాబు వచ్చింది: “సార్, పేపర్ పేరు కింద రాశాను కదా. అయినా తప్పేనా?”

ఇది చాలా మంచి ప్రశ్న. కాలేజీలో అసైన్‌మెంట్లు రాసే పద్ధతి నుంచే వచ్చింది. అక్కడ ఎక్కడి నుంచి తీసుకున్నామో చెబితే చాలు. ఇక్కడ చెప్పడం వేరు, అనుమతి ఉండటం వేరు. ఆ తేడా విడమరిచి రాశాను. ఆమె మళ్లీ అడిగింది, మళ్లీ రాశాను. ఆ సంభాషణంతా ఇప్పటికీ చర్చ పేజీలో ఉంది. తర్వాత ఇదే సందేహం అడిగినవాళ్లకు దాని లింకు ఇస్తున్నాను.

ఆమెకు ఇంకో విషయం కొత్తగా అనిపించిందట. వికీపీడియాలో అందరూ అందర్నీ ‘గారు’ అంటారు. అవతలి వాడుకరి వయసు ఎంతో, చదువేమిటో తెలియదు కాబట్టి మొదలైన అలవాటు కావచ్చు. డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయిని పెద్దవాళ్లు ‘మీరు’ అని పలకరించి, ఆమె వాదనకు జవాబు చెప్పే చోటు మన దగ్గర ఇంకెక్కడైనా ఉందా? కొత్తవారు నిలబడటానికి ఈ మర్యాద చేసే మేలును మనం తక్కువగా చూస్తున్నామని నా అభిప్రాయం.

ఊరి పేజీ

మొదటి పనిగా ఊరి పేజీని ఎంచడానికి కారణాలున్నాయి. తెలుగు వికీపీడియాలో వేలకొద్దీ గ్రామాల వ్యాసాలున్నాయి. చాలావాటిలో పాఠ్యం 2011 జనగణన వివరాల నుంచి ఒకే మూసలో తయారైంది: ఊళ్లో ఎన్ని ఇళ్లు, జనాభా ఎంత, ఎన్ని హెక్టార్ల విస్తీర్ణం, బడి ఎక్కడుంది, ఏటీఎం ఎన్ని కిలోమీటర్ల దూరం. ఆ తర్వాత జిల్లాలే మారిపోయాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆమె ఊరు రాయచోటి వైపు. ఆ రోజుతో వైఎస్ఆర్ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడ్డ అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. వ్యాసం మొదటి వాక్యంలో జిల్లా పేరు మార్చారు, కింది పేరాల్లో పాత సంగతులే మిగిలాయి.

ఆ పని చిన్నది, పది నిమిషాల్లో అవుతుంది. ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది కాబట్టి మూలానికి లోటు లేదు, ఎవరూ తిప్పికొట్టరు. అన్నిటినీ మించి, ఆ పేజీలో ఏది తప్పో ఆమెకు నాకంటే బాగా తెలుసు. నేర్చుకునేవాళ్లకు నేర్పేవాళ్లకంటే ఎక్కువ తెలిసిన విషయంతో మొదలుపెడితే భయం సగం పోతుంది.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఇది పాత పద్ధతే. నలుగురూ కలిసి కోడ్ రాసే గిట్‌హబ్ సైటులో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే లేబుల్ పెట్టి కొన్ని చిన్న పనులను కొత్తవారి కోసం వదిలిపెడతారు. అనుభవజ్ఞులు వాటిని క్షణంలో సరిచేయగలిగినా ముట్టుకోరు. కొత్తవారిని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోకి తెచ్చేందుకు 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో కోడ్ రాయడం మొదలవడానికి ముందే, ప్రాజెక్టులోని మనుషులతో పరిచయం కావడానికంటూ విడిగా సమయం ఇస్తారు. ఒక్కొక్కరికి మెంటర్ ఎవరో ముందే తేలుతుంది, పని చేసినవాళ్లకు డబ్బూ ఇస్తారు. మన దగ్గర డబ్బు లేదు, గడువు లేదు, ఎంపిక లేదు. తలుపు తీసే ఉంటుంది, ఎవరైనా రావచ్చు. అందుకే పనిని వెతికి చేతికివ్వడం ఇంకా ముఖ్యం.

దీని మీద మా మధ్య భేదాభిప్రాయం వచ్చింది. జిల్లా వివరాలను ఆటోవికీబ్రౌజర్ అనే సవరణ పరికరంతో వందల పేజీల్లో ఒకేసారి సరిచేయవచ్చు. కొత్తవారి కోసం తప్పును తప్పుగానే వదిలేయడం పాఠకుడికి అన్యాయం కాదా అని ఒక సీనియర్ వాడుకరి అడిగారు. అడగాల్సిన మాటే. నా జవాబు: ఆ కాలేజీ పిల్లల ఊళ్లు మాత్రం విడిచిపెడదాం, అదీ ఒక సెమిస్టర్ వరకే. అప్పటికీ మిగిలితే మనమే సరిచేద్దాం. అలాగే చేశాం. హద్దు లేకుండా వదిలేయడానికి నేనూ ఒప్పుకోను.

జిల్లా కేంద్రం వాక్యం ఆమె సరిచేసింది. ఆ దిద్దుబాటుకు ‘ధన్యవాదాలు’ నొక్కాను. ఆ ఊపులో ఇంకో మార్పు చేసింది. దగ్గర్లోని ఏటీఎం ఊరికి ఐదు నుంచి పది కిలోమీటర్ల దూరంలో ఉందన్న వాక్యం తీసేసి ‘ఊళ్లోనే ఏటీఎం ఉంది’ అని రాసింది. నిజమే, ఉంది. గంటలో ఎవరో రద్దు చేశారు. ఈసారి ఆమె మౌనంగా వెళ్లలేదు. రద్దు చేసిన వాడుకరి చర్చ పేజీకే వెళ్లి “నేను రోజూ ఆ ఏటీఎం ముందు నుంచే కాలేజీకి పోతాను” అని రాసింది. ఆయన ఓపిగ్గా చెప్పారు: ఆ పేరా 2011 నాటి లెక్క, ఆ రోజుకు అది సరైనదే. కొత్త సంగతి వేరే వాక్యంగా, ఏ సంవత్సరం నాటిదో చెబుతూ, మూలంతో చేర్చాలి. నేను మధ్యలో కలగజేసుకోలేదు. కొత్తవారి తరఫున మెంటర్ వాదించడం మొదలుపెడితే వాళ్లకు సముదాయంలో సొంత గొంతు రాదు.

చెరువు సంగతి

ఈ కేసులో నాకు బాగా విలువైనదిగా తోచినది చెరువు దగ్గర వచ్చిన చిక్కు. ఊరి చెరువును మట్లి రాజులు తవ్వించారని వ్యాసంలో చేర్చింది. మూలం అడిగితే “మా తాత చెప్పాడు” అంది. వాక్యం నిలవలేదు.

ఇక్కడ చాలామంది కొత్తవారికి మనసు నొచ్చుకుంటుంది. వాళ్లకు మూలం అడిగినట్టు వినిపించదు, మీ తాత అబద్ధం చెప్పాడు అన్నట్టు వినిపిస్తుంది. వికీపీడియా నియమం అలా అనడం లేదు. ఆ ఊరికి ఎన్నడూ రాని మనిషి కూడా తనంతట తాను సరిచూసుకోగలిగే చోట ఆ మాట ఉండాలి అంటోంది, అంతే. దీన్ని సూత్రంలా చెబితే ఎవరికీ ఎక్కదు. కాబట్టి వెతకడానికి ఎక్కడికి వెళ్లాలో చెప్పాను.

కడప ప్రాంతం వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, అంతకు ముందు నుంచే తన సహాయకుల చేత ఊరూరా స్థానిక చరిత్రలు సేకరింపజేశాడు. ఆ సహాయకుల్లో ముఖ్యులు మన తెలుగువాళ్లు, కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కరణాల దగ్గరి కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు), గుడి శాసనాలు, పెద్దల నోటి మాటలు రాయించి తెచ్చినవే కైఫియత్తులు. మెకంజీ 1821లో పోయాడు. తర్వాత సి.పి.బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. బ్రౌన్ పేరిట కడపలో ఉన్న భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది.

ఆమె స్నేహితురాలితో కలిసి లైబ్రరీకి వెళ్లి ఆ సంపుటాలు తిరగేసింది. వాళ్ల ఊరి కైఫియత్తు దొరికింది. అందులో చెరువు ప్రస్తావన ఉంది. కానీ తవ్వించినది మట్లి రాజు కాదు, ఇంకొక నాయకుడు.

“ఇప్పుడు ఏది రాయాలి సార్? తాత చెప్పింది తప్పా?” అని అడిగింది.

దీనికి తొందరపడి జవాబివ్వకూడదు. కైఫియత్తు కూడా రెండు వందల ఏళ్ల కిందట ఆ ఊరి పెద్దలో, కరణమో చెప్పిన మాటే. వాళ్లూ తమ తాతల నోట విన్నదే చెప్పి ఉండవచ్చు. అచ్చయింది కాబట్టి అదే సత్యం అనడానికి లేదు. ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారో మాత్రం ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. కాబట్టి ‘ఫలానా నాయకుడు తవ్వించాడు’ అని రాయకుండా, ‘తవ్వించాడని కైఫియత్తు చెబుతోంది’ అని సంపుటి, పేజీ సంఖ్యలతో రాయమన్నాను. తాత చెప్పినది వ్యాసంలోకి రాదు. కానీ చర్చ పేజీలో రాసిపెట్టమన్నాను. చెరువు కట్ట మీద శాసనమేదైనా ఉందేమో, ఊళ్లో దాని గురించి ఏమనుకుంటారో తర్వాత వెతికేవాళ్లకు అది దారి చూపుతుంది. ఆమె రెండూ చేసింది. చెరువు ఫొటో తానే తీసి, వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లో ఎక్కించింది.

నా లెక్కలో ఆమె వికీపీడియన్ అయింది ఆ వాక్యంతోనే. సొంత ఇంటి కథకు, కాగితం మీది కథకు మధ్య తేడా వచ్చినప్పుడు ఏదో ఒకదాన్ని కొట్టేయకుండా, దేని స్థానంలో దాన్ని ఉంచడం నేర్చుకుంది. ఇది శిబిరంలో స్లైడ్లు చూపించి నేర్పగలిగేది కాదు.

అందరికీ ఇదే దారి కుదరదు

అదే శిబిరానికి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. తన గురువుగారి మీద వ్యాసం రాశారు. చక్కటి భాష, కానీ ‘ప్రాతఃస్మరణీయులు’, ‘అపర సరస్వతీ పుత్రులు’ లాంటి మాటలతో నిండిపోయింది. స్వతంత్ర మూలాలు లేవు. విషయ ప్రాముఖ్యత, అంటే ఆ మనిషి మీద విడిగా వ్యాసం ఉండదగునా అన్న ప్రశ్న వచ్చి, చర్చ జరిగి, తొలగిపోయింది. “ఒక్క అబద్ధం రాయలేదే, ఎందుకు తీశారు?” అని ఫోన్లో బాధపడ్డారు. ఆయనకు తటస్థ దృక్కోణం నేర్పాలని నేను పట్టు పట్టలేదు. వికీసోర్స్ చూపించాను.

అక్కడ పాత పుస్తకాల స్కాన్ పేజీలను అక్షరాలుగా మారుస్తారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత రచన సార్వజనికమవుతుంది. వీరేశలింగం, గురజాడ, చిలకమర్తి లాంటివారివి అందరివీ అయిపోయాయి. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చాలా పని చేసిపెడుతుంది గానీ అరసున్న, బండి ఱ, పాత ముద్రణలోని ఒత్తుల దగ్గర తడబడుతుంది. ఈ తరం పిల్లలకు అరసున్న ఎక్కడుండాలో తెలియదు. మాస్టారికి చూడగానే తెలుస్తుంది. ఒకరు సరిదిద్దిన పుట పసుపు రంగులోకి వస్తుంది. అది ఆకుపచ్చ కావాలంటే వేరే వాడుకరి సరిచూసి ఆమోదించాలి, సొంత పనిని సొంతంగా ఆమోదించుకోనివ్వదు. ఇద్దరు మనుషులు ఒకరి పని ఒకరు చూడటం అక్కడ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. మాస్టారు ఇప్పుడు చిన్నవాళ్లు చేసిన పుటలు సరిచూస్తున్నారు. తప్పు దొరికితే ఊరికే దిద్ది వదలరు, ఎందుకు దిద్దారో దిద్దుబాటు సారాంశంలో రాస్తారు.

ఇంకా తేలనివి

వాట్సాప్ గ్రూపు సంగతి ఎటూ తేలలేదు. అక్కడ ప్రశ్నలు వెంటనే వస్తాయి, జవాబులూ వెంటనే పోతాయి, తర్వాత వచ్చేవాళ్లకు ఏమీ మిగలదు. చర్చ పేజీలోనే అడగాలని గట్టిగా అంటే, నలుగురి ముందు అడగడానికి మొహమాటపడే ఆడపిల్లలు అసలు అడగడమే మానేస్తారు. ప్రస్తుతానికి గ్రూపులో అడగనిచ్చి, జవాబు అర్థమయ్యాక దాన్ని వాళ్ల మాటల్లో చర్చ పేజీలో రాయమంటున్నాం. కొందరు రాస్తున్నారు.

వాడుకరి పేజీల విషయంలో మాత్రం మొహమాటం లేదు. పిల్లలు ఉత్సాహంగా ఫోన్ నంబరు, కాలేజీ పేరు, సొంత ఫొటో పెట్టేస్తారు. తీసేసినా పేజీ చరిత్రలో పాత కూర్పు ఉండిపోతుంది. నిర్వాహకుడి చేత ఆ కూర్పును దాయించాలి. అందుకని ఇప్పుడు శిబిరంలో ఖాతా తెరిచిన వెంటనే, సవరించడం నేర్పకముందే, ఏం రాయకూడదో చెబుతున్నాం.

తిరునాళ్ల వ్యాసం ఇంకా ఆమె ప్రయోగశాలలోనే ఉంది. ఆమె మాటల్లో, శుభ్రంగా ఉంది, కానీ ఆ ఒక్క వార్త తప్ప వేరే మూలం దొరకలేదు. ప్రధాన పేరుబరిలోకి, అంటే అందరూ చదివే వ్యాసాల మధ్యకు, తరలించకూడదని ఆమే నిర్ణయించుకుంది. దేవాదాయ శాఖ ప్రచురణలు వెతుకుతోంది. ఈ ఏడాది వచ్చిన కొత్త బ్యాచ్‌లో నలుగురి చర్చ పేజీలను తన వీక్షణ జాబితాలో పెట్టుకుంది. ఆమెకు పరీక్షలున్న నెలల్లో ఆ నలుగురిని చూడటానికి ఇంకొకరు కావాలి. మెంటర్ల జాబితాలో ‘అందుబాటులో లేను’ అని పెట్టుకునే వీలుంది గానీ, అప్పుడు కొత్తవారిని అప్పగించడానికి ఇంకో పేరు ఉండాలి కదా. అందుకే వచ్చే శిబిరానికి కాలేజీ వాళ్లను మేము అడిగినది ఒక్కటే: ప్రతి బ్యాచ్‌కూ పాత విద్యార్థుల నుంచి ఇద్దరిని, వేర్వేరు సెమిస్టర్ల వాళ్లను, ముందే మాకు చెప్పండి అని.